మైకుకీ రికార్డుకీ మధ్య 48 ఏళ్ళు

ముందే ఒప్పుకుంటున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే తిట్టుకోకండి. ఇది ఎమిల్ బెర్లినర్ అనే ఆయన జీవిత కథ. అయితే ఆయన దగ్గరికి నేను ఎలా చేరానో తెలియాలంటే, ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ వాళ్ళం కవితల్ని గొంతుతో రికార్డ్ చేసి పెడదాం అనుకున్నాం గుర్తుందా? అందరం తలా కొంచెం వేసుకుని ఒక కండెన్సర్ మైకు, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాం. నేను సీఎస్ఈ కదా అని వైర్ల పని నాకు అప్పజెప్పారు. కోడ్ రాసేవాడికి వైర్లు కలపడం కూడా వచ్చేస్తుందని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నా.

థర్డ్ ఇయర్ అక్క ఒకామె తన కవిత చదవడానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. మైకులోంచి ఏమీ రావట్లేదు. నేను గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పేశా. 48 వోల్టుల బటన్ అప్పటికే ఆన్‌లో ఉంది. తీరా చూస్తే కేబుల్ మైకులో సగమే దిగి ఉంది. దాన్ని పీకి మళ్ళీ గట్టిగా లోపలికి నొక్కా.

హెడ్‌ఫోన్స్‌లో ఠప్‌మని పేలింది. పక్కన నిలబడ్డ నాకే వినిపించిందంటే చెవుల మీద పెట్టుకున్న తనకి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి. అక్క హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టి, కుడి చెవి పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ చెవిలో రాత్రిదాకా గుయ్‌మని మోగుతూనే ఉందట. తెల్లారేసరికి తగ్గింది. కానీ ఆ తర్వాత రికార్డింగ్ ఉందంటే తనకి ఏదో ఒక పని ఉండేది. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక అసలు అక్కడ ఏం జరిగిందా అని వెతకడం మొదలుపెట్టా. ప్లగ్ నొక్కితే పేలుడు ఎందుకు వచ్చింది? మైకుకి కరెంటు ఎందుకు? ఒక్కో ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తూ వెళ్తూ 1877లో వాషింగ్టన్‌లోని ఒక అద్దె గదిలో తేలాను.

నా వయసులో ఓడెక్కినవాడు

ఎమిల్ బెర్లినర్ 1851 మే 20న జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. యూదు కుటుంబం. తండ్రి వ్యాపారి, మత గ్రంథాలు బాగా చదువుకున్నవాడు. తల్లికి సంగీతం వచ్చు. ఇంట్లో మొత్తం పదమూడు మంది పిల్లలు. అంతమందిని చదివించడం కష్టం కాబట్టి ఎమిల్ చదువు పద్నాలుగేళ్ళకే ఆగిపోయింది. తర్వాత ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పని నేర్చుకున్నాడు, ఆ తర్వాత నెక్‌టైలు అమ్మే కొట్లో గుమాస్తా అయ్యాడు.

1870లో, దాదాపు పంతొమ్మిదేళ్ళ వయసులో, అమెరికా ఓడ ఎక్కాడు. వాషింగ్టన్‌లో వాళ్ళ కుటుంబానికి తెలిసిన ఒకాయనకి బట్టల కొట్టు ఉంది, అందులో పని దొరికింది. ప్రష్యా సైన్యంలో చేరాల్సి వస్తుందనే భయం కూడా వెనక ఉంది. ఆ ఏడాదే ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైంది కూడా. నా వయసే కాబట్టి ఇక్కడ అతను అనే రాస్తున్నా. జుట్టు నెరిశాక ఆయన అంటాను.

మూడేళ్ళు ఆ కొట్లో పనిచేసి న్యూయార్క్ వెళ్ళాడు. అక్కడ చేయని పని లేదు. జిగురు అమ్మాడు, ఫోటోల వెనక బ్యాక్‌గ్రౌండ్ రంగులు వేశాడు. ఒక కెమిస్ట్రీ ల్యాబ్‌లో సీసాలు కడిగాడు. ఆ ల్యాబ్ తర్వాత శాకరిన్ కనిపెట్టిన ఫాల్‌బర్గ్‌ది. రాత్రిళ్ళు కూపర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసులకి వెళ్ళేవాడు. అక్కడ ఫీజు లేదు, లైబ్రరీ ఉంది. మందుల షాపు నడిపే ఒక పరిచయస్తుడు భౌతికశాస్త్రం పుస్తకం ఒకటి ఇచ్చాడు. బెర్లినర్ విద్యుత్తు గురించి, ధ్వని గురించి అసలైన చదువు మొదలుపెట్టింది ఆ ఒక్క పుస్తకంతోనే.

నా దగ్గర వైఫై ఉంది, ల్యాబ్ ఉంది, నాలుగు సెమిస్టర్ల నోట్స్ ఉన్నాయి. అయినా ఫాంటమ్ పవర్ అంటే ఏమిటో తెలియకుండానే బటన్ నొక్కాను. అది చదువుతుంటే కొంచెం సిగ్గేసింది.

గట్టిగా నొక్కు అన్నారు

1876లో బెర్లినర్ మళ్ళీ వాషింగ్టన్ వచ్చి పాత కొట్లోనే గుమాస్తాగా చేరాడు. గ్రహం బెల్ టెలిఫోన్‌కి పేటెంట్ వచ్చింది ఆ ఏడాది మార్చిలోనే. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంటోంది. బెర్లినర్‌కి మాత్రం దాంట్లో ఒక లోపం కనిపించింది.

బెల్ మెషీన్‌లో మన గొంతే కరెంటు పుట్టించాలి. మాట గాలిని కదిలిస్తే ఆ గాలి ఒక పల్చని రేకుని కదిలిస్తుంది. రేకు అయస్కాంతం దగ్గర కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. గొంతులో ఉండే శక్తి ఎంతని? పుట్టే కరెంటు చాలా కొంచెం. పక్క గదికి బాగానే వినిపిస్తుంది, ఊరు దాటాలంటే నీరసించిపోతుంది.

ఆ రోజుల్లో బెర్లినర్ ఒక టెలిగ్రాఫ్ ఆపరేటర్‌తో స్నేహం చేసి, సాయంత్రాలు అతని దగ్గర మీట నొక్కడం నేర్చుకునేవాడు. మీట మెల్లగా నొక్కుతుంటే ఆ స్నేహితుడు ఇంకా గట్టిగా నొక్కమన్నాడు. లోహం మీద లోహం ఎంత గట్టిగా ఆనితే అంత ఎక్కువ కరెంటు వెళ్తుందని, దూరం లైన్లకి అది చాలా అవసరమని చెప్పాడు. ఆపరేటర్‌కి అది రోజూ చెప్పే మామూలు విషయం. బెర్లినర్ మాత్రం అక్కడే ఆగిపోయాడు. నొక్కే ఒత్తిడి మారితే కరెంటు మారుతుంది. మరి ఆ నొక్కే పని వేలికి బదులు గొంతు చేస్తే?

కుళాయి ఊహించుకోండి. నీళ్ళు ట్యాంకులోంచి వస్తాయి, మన చెయ్యి నాబ్ తిప్పుతుంది, అంతే. నీళ్ళు తోసే బలం చేతిది కాదు. అలాగే బ్యాటరీ కరెంటు ఇస్తుంది, గొంతు దాన్ని కొంచెం పెంచుతుంది, కొంచెం తగ్గిస్తుంది. అప్పుడు గొంతు నీరసంగా ఉన్నా ఫర్వాలేదు.

అద్దె గదిలో పిల్లలు ఆడుకునే డోలు, కుట్టు సూది, ఉక్కు గుండీ లాంటివి పోగేసి ఒకటి తయారుచేశాడు. తర్వాత చెక్క సబ్బు పెట్టెతో ఇంకొకటి చేశాడు. రేకుకి ఒక లోహపు ముక్క వదులుగా ఆని ఉంటుంది. మాట వచ్చినప్పుడల్లా ఆ ఆనడం బిగుస్తుంది, వదులవుతుంది. వదులు కాంటాక్ట్ మైకు అంటే ఇదే.

దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మనకి లూజ్ కాంటాక్ట్ అంటే తిట్టు. ఫ్యాన్ తిరగకపోతే లూజ్ కాంటాక్ట్, ఛార్జర్ పని చేయకపోతే లూజ్ కాంటాక్ట్. అతను కావాలని ఒక లూజ్ కాంటాక్ట్ చేసి దాంతో మాట పంపాడు. అయితే ఒక్క సంగతి మర్చిపోకూడదు. ఆ ఒక్క చోటు తప్ప మిగతా తీగలన్నీ గట్టిగా, శుభ్రంగా కలిసి ఉండాలి. సెమినార్ రూమ్‌లో నేను చేసింది దీనికి రివర్స్. వదులుగా ఉండకూడని చోట వదిలేసి, తర్వాత కదపకూడని టైములో కదిపాను.

పదమూడు రోజులు

లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. పేటెంట్ ఆఫీసుకి ఇచ్చే కాగితం బెర్లినర్ తనే రాసుకున్నాడు. ఇలాంటిది ఒకటి కనిపెడుతున్నానని ముందుగా ఇచ్చే నోటీసు లాంటిది అది. 1877 ఏప్రిల్ 14న ఇచ్చాడు. సరిగ్గా పదమూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 27న, థామస్ ఎడిసన్ అదే దారిలో తన టెలిఫోన్ ట్రాన్స్‌మిటర్‌కి దరఖాస్తు పెట్టాడు.

ఆ తర్వాత కథంతా కోర్టులే. బెర్లినర్‌కి పేటెంట్ చేతికొచ్చేసరికి 1891 అయింది, అంటే పద్నాలుగేళ్ళు. అది చెల్లదని అమెరికా ప్రభుత్వమే కేసు వేసింది. 1897లో సుప్రీంకోర్టు బెర్లినర్ వైపు తీర్పిచ్చింది. 1901లో మరో కోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. ఈలోగా ఇంగ్లండ్‌లో డేవిడ్ హ్యూస్ 1878లోనే ఇలాంటి వదులు కాంటాక్ట్ పరికరం చూపించి దాన్ని మైక్రోఫోన్ అన్నాడు. వాడకంలో ఎక్కువ కాలం నిలబడింది ఎడిసన్ కార్బన్ డిజైన్. అందుకే మైకు ఎవరు కనిపెట్టారు అని క్విజ్‌లో అడిగితే ఒక్క పేరు చెప్పడం కష్టం.

బెల్ కంపెనీ మాత్రం ఆలస్యం చేయలేదు. 1878లోనే బెర్లినర్ హక్కులు కొని, ఉద్యోగం ఇచ్చి బోస్టన్ పిలిపించుకుంది. అక్కడ బ్లేక్ అనే ఆయన చేసిన ట్రాన్స్‌మిటర్ ఒకటి ఉండేది. శబ్దం బాగుండేది, కానీ సెట్టింగ్ నిలకడగా ఉండేది కాదు. దాన్ని రోజూ నమ్మి వాడుకునేలా సరిచేసింది బెర్లినరే.

ఆయన పని ఇంకొకటి కూడా మనకి రోజూ ఉపయోగపడుతోంది. మైకు, బ్యాటరీ ఒక చిన్న చుట్టులో ఉంచి, దాన్ని పొడుగు లైనుతో నేరుగా కలపకుండా మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లాంటి తీగచుట్ట పెట్టాడు. బ్యాటరీ కరెంటు ఇవతలే ఆగిపోతుంది. మారే భాగం, అంటే మాట, మాత్రమే అయస్కాంతం ద్వారా అవతలికి దాటుతుంది. ఇప్పుడు స్టేజి మీద కీబోర్డ్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే డీఐ బాక్సుల్లో చాలావాటిలో ఉండేది ఇలాంటి ట్రాన్స్‌ఫార్మరే. రెండు పరికరాల తీగలు ఒకదాన్ని ఒకటి తాకకుండానే శబ్దం దాటుతుంది. గుర్‌ర్‌మనే హమ్మింగ్ ఆగిపోతుంది.

లక్క పళ్ళెం

1881లో కోరా ఆడ్లర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడాదే అమెరికా పౌరుడయ్యాడు, హానోవర్‌లో అన్నదమ్ముల్లో ఒకడైన జోసెఫ్‌తో కలిసి టెలిఫోన్ ఫ్యాక్టరీ పెట్టాడు. కొన్నాళ్ళకి ఉద్యోగం వదిలేసి వాషింగ్టన్‌లో సొంత ల్యాబ్ పెట్టుకున్నాడు. ఈసారి పట్టుకున్నది మాటని పంపడం కాదు, దాచడం.

ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లోనే వచ్చింది. అందులో సూది గుండ్రటి సిలిండర్ మీద పైకీ కిందికీ లోతుగా గీస్తుంది. బెర్లినర్ గ్రామఫోన్‌లో సూది బల్లపరుపు పళ్ళెం మీద పక్కకి ఊగుతూ గీస్తుంది. 1887లో పేటెంట్ వచ్చింది. మొదట్లో జింకు పళ్ళెం మీద తేనెమైనం పల్చగా పూసేవాడు. సూది ఊగుతూ మైనం గీకేస్తుంది. తర్వాత ఆమ్లంలో ముంచితే గీత పడిన చోట మాత్రమే జింకు కరిగి గాడి పడుతుంది. 1888 మేలో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో అందరి ముందూ చూపించాడు.

పళ్ళెం వల్ల అసలు లాభం కాపీలు. సిలిండర్లకి ఆ రోజుల్లో పాడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ పాడాల్సి వచ్చేది. పళ్ళేనికైతే ఒక్కసారి పాడితే చాలు. దానికి లోహపు అచ్చు తీసి ఎన్ని కావాలంటే అన్ని ముద్రించొచ్చు. చిన్నప్పుడు ప్రెస్‌లో పనిచేసినవాడికి ఇది తట్టడంలో ఆశ్చర్యం లేదనిపించింది నాకు.

కాపీలకి మొదట గట్టి రబ్బరు వాడారు, అది సరిగ్గా నిలవలేదు. 1890ల మధ్యలో షెల్లాక్‌కి మారారు. షెల్లాక్ అంటే మన లక్కే. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు చేసేది. ప్రపంచానికి లక్క ఎక్కువగా వెళ్ళింది మన దేశం నుంచే. ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసే లక్క, పాత గ్రామఫోన్ రికార్డులో ఉన్న లక్క ఒక జాతివే. తాతయ్య వాళ్ళింట్లో పాత రికార్డు చేతిలోంచి జారితే ఎందుకు పెంకులా పగిలిందో నాకు ఇప్పుడు అర్థమైంది.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళ ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డ్ చేశాడు. గైస్‌బర్గ్ కుర్రాడిగా ఉన్నప్పుడు బెర్లినర్ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ రికార్డులు హానోవర్‌లో ముద్రించి ఓడల్లో మళ్ళీ ఇక్కడికి పంపారు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లిష్‌లో చెప్పేది. ఎక్కడో జర్మనీలో లేబుల్ అతికించేవాళ్ళకి ఎవరి పాటో తెలియాలిగా. మన ఇళ్ళల్లో హెచ్‌ఎంవీ రికార్డుల మీద గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ చూసే ఉంటారు. ఆ బొమ్మని 1900లో అమెరికాలో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించింది బెర్లినరే.

అదే 1900లో అతనికి పెద్ద దెబ్బ తగిలింది. గ్రామఫోన్లు అమ్మిపెట్టే భాగస్వామితో గొడవ కోర్టుకెక్కి, తను కనిపెట్టిన గ్రామఫోన్‌ని తన దేశంలో తనే అమ్ముకోకూడదనే పరిస్థితి వచ్చింది. అమెరికా వ్యాపారం చేజారింది. స్ప్రింగ్ మోటార్ చేసిచ్చిన ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ 1901లో విక్టర్ కంపెనీ పెట్టి ఆ పని కొనసాగించాడు. బెర్లినర్ కెనడాలోని మాంట్రియల్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు.

మధ్యలో లేనిదేమిటి

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఆపేసిన విషయం. గౌహర్ జాన్ పాట రికార్డ్ చేసినప్పుడు మైకు లేదు. ఆమె ఒక పెద్ద కొమ్ము బాకాలోకి మొహం పెట్టి గట్టిగా పాడాలి. ఆ గాలి ఊపుతోనే సూది గీయాలి. మైకు వచ్చి అప్పటికే పాతికేళ్ళు. మైకు మీదా గ్రామఫోన్ మీదా పనిచేసింది ఒకే మనిషి. మరి రెండిటినీ ఎందుకు కలపలేదు?

కలపలేరు కాబట్టి. మైకులోంచి వచ్చే కరెంటు మార్పు చాలా చిన్నది. చెవికి ఆనించుకున్న టెలిఫోన్‌ని పలికించగలదు కానీ మైనంలో గాడి కోసే సూదిని కదపలేదు. మధ్యలో ఆ చిన్నదాన్ని పాడుచేయకుండా పెద్దది చేసేది ఒకటి కావాలి. అదే ఆంప్లిఫయర్. వాక్యూమ్ ట్యూబులు వచ్చి, అవి నమ్మకంగా పనిచేసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ పద్ధతితో విక్టర్, కొలంబియా కంపెనీలు మైకుతో చేసిన రికార్డులు అమ్మడం మొదలుపెట్టింది 1925లో. అందులో వాడింది వదులు కాంటాక్ట్ మైకు కూడా కాదు, ఎడ్వర్డ్ వెంటే తయారుచేసిన కండెన్సర్ మైకు. మన క్లబ్ కొన్నది ఆ జాతిదే.

1877 నుంచి 1925 వరకు లెక్కేస్తే 48 ఏళ్ళు. ఇంటర్‌ఫేస్ మీద బటన్ దగ్గర ఉన్న అంకె కూడా 48. ఊరికే కలిసొచ్చింది, కానీ నాకు మాత్రం ఇక మర్చిపోవడం కుదరదు.

అంటే మన బల్ల మీద ఉన్న చిన్న పెట్టె చేసే పని ఇదన్నమాట. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. ఇంటర్‌ఫేస్ దాన్ని వందల రెట్లు పెంచుతుంది. పెంచేదానికి మంచీ చెడూ తెలియవు, కవితైనా ప్లగ్ శబ్దమైనా ఒకేలా పెంచుతుంది. నేను కేబుల్ నొక్కినప్పుడు ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లో మూడు పిన్నులూ ఒకే క్షణంలో ఆనవు. 48 వోల్టులు ఒక తీగకి ముందు, ఇంకో తీగకి తర్వాత చేరాయి. ఆ తేడాని పెట్టె శబ్దం అనుకుంది. గెయిన్ చివర్లో ఉంది. ఫలితం అక్క చెవిలో పడింది.

అందుకే ఇప్పుడు సెమినార్ రూమ్‌లో గోడ మీద నేను ఒక కాగితం అతికించా. కొత్తగా వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఇక్కడ కూడా చెప్తున్నా.

కలిపే ముందు గెయిన్, వాల్యూమ్ రెండూ సున్నా. హెడ్‌ఫోన్స్ ఎవరి చెవి మీదా ఉండకూడదు, మెడలో కూడా వద్దు. ఫాంటమ్ పవర్ ఆఫ్. అప్పుడు కేబుల్ ముందు మైకుకి, తర్వాత పెట్టెకి, టక్ అని కూర్చునేదాకా పెట్టాలి. తర్వాత 48 వోల్టుల బటన్. కొన్ని సెకన్లు ఆగాలి. స్పీకర్లు ఉంటే అన్నిటికన్నా చివర ఆన్. ఆ తర్వాతే చదివేవాళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, మనం గెయిన్ మెల్లగా పెంచాలి. గట్టిగా చదివిన చోట కూడా మీటర్ ఎర్రగీత తాకకుండా చాలా కిందే ఉండాలి.

తీసేటప్పుడు అంతా తలకిందులు. స్పీకర్లు ముందు ఆఫ్, గెయిన్ సున్నా, ఫాంటమ్ ఆఫ్, అర నిమిషం ఆగి కేబుల్ పీకడం. బటన్ ఆఫ్ చేసినా లోపల కెపాసిటర్లలో ఛార్జ్ కాసేపు ఉంటుంది.

మామూలు స్టేజి మైకుకి, అంటే డైనమిక్ మైకుకి, ఫాంటమ్ అక్కర్లేదు. దాంట్లో బెల్ పద్ధతిలోనే గొంతే కరెంటు పుట్టిస్తుంది. కేబుల్ సరైనదైతే పొరపాటున ఆన్‌లో ఉన్నా దానికి ఏమీ కాదు. పాత రిబ్బన్ మైకు ఎవరైనా తెస్తే మాత్రం ఆ బటన్ జోలికే వెళ్ళొద్దు, లోపలి రేకు పోవచ్చు. ఆంప్లిఫయర్‌లో స్పీకర్‌కి వెళ్ళే వైరుని మైకు సాకెట్‌లో ఎప్పుడూ పెట్టొద్దు. మిల్లీవోల్టుల కోసం చేసిన దారిలోకి వోల్టులు పంపితే పెట్టె కాలిపోతుంది.

ఇంకొక్కటి, ఇది చెవి గురించి కాదు, ప్రాణం గురించి. హమ్మింగ్ వస్తోందని త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయడం, టూ పిన్ అడాప్టర్ పెట్టడం చాలామంది చేస్తారు. హమ్మింగ్ పోతుంది, నిజమే. కానీ ఆ ఆంప్లిఫయర్‌లో ఏదైనా లీక్ అయితే కరెంటు ఎర్త్‌లోకి వెళ్ళే దారి ఉండదు. మైకు పట్టుకున్న మనిషే దారి అవుతాడు. మైకుకి పెదవి తగిలినప్పుడు చిన్నగా జిల్లుమంటే నవ్వి ఊరుకోకండి. మెయిన్స్ ఆపేసి వైరింగ్ చూపించండి. హమ్మింగ్‌కి మందు బెర్లినర్ నాడే ఉంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ పెట్టుకోండి, ఎర్త్ పిన్ మాత్రం ముట్టుకోవద్దు.

పాలు

ఇక్కడి నుంచి ఆయన అంటాను.

బెర్లినర్ గారి చిన్న కూతురు ఆలిస్‌కి పసితనంలో కడుపు జబ్బు చేసి ప్రాణం మీదకి వచ్చింది. పాప బతికింది. కానీ ఆయన అక్కడితో వదల్లేదు. జబ్బు ఎలా వచ్చిందా అని వెతికితే అనుమానం పచ్చిపాల మీదకి వెళ్ళింది. మన ఇళ్ళల్లో పొద్దున్నే అమ్మ చేసే మొదటి పని పాలు కాచడం. అప్పటి అమెరికా నగరాల్లో పాలు చాలావరకు పచ్చివే తాగేవారు. ఆ పాలతో వచ్చే జబ్బులకి పసిపిల్లలు ఎంతోమంది పోయేవాళ్ళు.

ఆయన డాక్టర్ కాదు. అయినా జబ్బుల నివారణ కోసం ఒక సంఘం పెట్టి, పాలు వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపాకే పిల్లలకి పట్టండని ఏళ్ళ తరబడి సొంత డబ్బుతో ప్రచారం చేశారు. తల్లులకి అర్థమయ్యే భాషలో పత్రికల్లో ప్రకటనలు వేయించారు. 1919లో పిల్లల కోసం ఆరోగ్యం మీద పాటల పుస్తకం కూడా రాశారు. తల్లి పేరు మీద, పరిశోధన చేసే స్త్రీలకి ఫెలోషిప్ పెట్టారు. ఇవన్నీ చేస్తూనే కొడుకు హెన్రీతో కలిసి హెలికాప్టర్ల మీద పనిచేశారు, హాల్లో మాట ప్రతిధ్వనించకుండా గోడలకి పలకలు తయారుచేశారు.

గ్రామఫోన్ మనిషికి పాలతో పనేమిటని మొదట అనుకున్నా. తర్వాత అనిపించింది, ఆయన జీవితమంతా చూసింది ఒకటే. ఇవతలి నుంచి అవతలికి ఏది వెళ్తోంది, ఏది వెళ్ళకూడదు? ట్రాన్స్‌ఫార్మర్‌లో మాట వెళ్ళాలి, బ్యాటరీ కరెంటు వెళ్ళకూడదు. సీసాలో పాలు వెళ్ళాలి, జబ్బు వెళ్ళకూడదు. అవతల ఉన్నది చెవి అయినా పసిపాప అయినా, అటువైపు ఒక మనిషి ఉన్నారని ఆయనకి గుర్తుంది. నాకు ఆ రోజు గుర్తులేదు.

మైకుతో చేసిన రికార్డులు వచ్చాక ఆయన ఇంకో నాలుగేళ్ళు బతికారు. తను విడివిడిగా మొదలుపెట్టిన రెండూ కలవడం కళ్ళారా చూశారు. 1929 ఆగస్టు 3న వాషింగ్టన్‌లో చనిపోయారు. అప్పటికి 78 ఏళ్ళు. తన అంత్యక్రియలకి ఆడంబరం వద్దని, ఆ డబ్బు చంటిపిల్లలున్న పేద తల్లులకి ఇవ్వమని ముందే ఉత్తరం రాసి పెట్టారు. బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం పియానో మీద వాయించమని కూడా అందులో అడిగారు. రికార్డు పెట్టమనలేదు. వాయించాల్సింది ఎవరో కూడా రాశారు. పాల వల్ల పోవాల్సిన ఆ పాప, ఆలిస్.

గోడ మీద కాగితం అతికించిన వారం తర్వాత ఆ అక్క దగ్గరికి వెళ్ళి సారీ చెప్పా. ఏం జరిగిందో బొమ్మ గీసి చూపించా. అంతా విని, హెడ్‌ఫోన్స్ ముందు నువ్వు పెట్టుకుంటేనే వస్తానంది. సరే అన్నా. ఇప్పుడు మా పద్ధతి అదే. ప్రతి రికార్డింగ్‌కీ ముందు హెడ్‌ఫోన్స్ నా చెవులకే, గెయిన్ సున్నా నుంచి నేనే పెంచుతా. అంతా బాగుంటే తీసి తన చేతికిస్తా.

ఈ సంచికతో పాటు వస్తున్న ఆడియోలో మూడో కవిత తనది. వినండి. మొదట్లో రెండు సెకన్లు ఏమీ వినిపించదు. వాల్యూమ్ మాత్రం పెంచకండి.